ఇదే ఆఖరిది, ఒట్టు

"ఇదే ఆఖరిది. ఒట్టు," అన్నాడు వస్తాదు, మెడకు పట్టీ బిగించుకుంటూ.

"పోయినేడూ ఇదే ఒట్టు. అంతకు ముందేడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ వేశారు. నేనింకా బతికున్నానంటే నా అదృష్టం," అంది భార్య, ఆయన పెట్టె సర్దుతూ.

వస్తాదు నవ్వేశాడు. గ్రీకో రోమన్ కుస్తీలో ఆయన తిరగని దేశం లేదు, ఎత్తి పడెయ్యని మొనగాడు లేడు. పత్రికల వాళ్లు ‘ఇనప మెడ’ అని బిరుదిచ్చారు. ఇప్పుడు ఆ ఇనుముకే తుప్పు పట్టింది. ఇంకొక్కసారి తలకిందులుగా పడితే జీవితాంతం మంచమేనని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆవిడకు కంటి మీద కునుకు లేదు. ఏడ్చి చూసింది, అలిగి చూసింది, మాట్లాడడం మానేసి చూసింది. ఆయన బుజ్జగిస్తాడు, ఒట్టు వేస్తాడు, విమానం ఎక్కేస్తాడు.

ఈసారి మాత్రం ఆవిడ గొడవ పడలేదు. పైగా పోటీ కోసం కొత్త బూట్లు తెచ్చిచ్చింది.

"పాతవి నోళ్లు తెరిచాయి, చూసేవాళ్లు నవ్విపోతారు. ఇవి అక్కడికెళ్లాకే వేసుకోండి. ముందే మాపకండి."

"నువ్వు బంగారానివోయ్," అన్నాడాయన.

ఆవిడ గుమ్మం దాకా సాగనంపి, దుకాణానికి వేళవుతోందంటూ గబగబా వెళ్లిపోయింది.

పోటీ రోజున బూట్లు తొడుక్కుంటే కాస్త బిగుతుగా అనిపించాయి. కొత్తవి కదా, సాగుతాయిలే అనుకున్నాడు. ఆ కుస్తీలో నడుం కింద చెయ్యి వెయ్యకూడదు, కాలితో మెలిక వెయ్యకూడదు. అంతా చేతులు, ఛాతీ, మెడ. అందుకేనేమో, కాళ్ల గురించి ఆలోచించే అలవాటే లేదాయనకు.

కుస్తీ సగానికొచ్చేసరికి కాళ్లే గుర్తు చేశాయి. వేళ్లు నలిగిపోతున్నాయి, మడమలు భగ్గుమంటున్నాయి. ఎదుటి కుర్రాడు ఆయన వయసులో సగం ఉంటాడేమో. అయినా మహానుభావుడు పట్టు వదల్లేదు. చివరికి ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాడు.

పోటీ ముగియడమే తరువాయి, ఉన్నచోటే చతికిలబడి బూట్లు పీకి పారేశాడు. ఇంట్లోనూ అంతే, నట్టింట్లో విప్పి పారేసి భార్య చేత చివాట్లు తినడం రోజూ ఉన్నదే. హమ్మయ్య అనుకుంటూ లేచి, వట్టి కాళ్లతో వెళ్లి కుర్రాడికి చెయ్యి అందించాడు.

కుర్రాడు చెయ్యి కలపలేదు. వాటేసుకుని బావురుమన్నాడు.

హాలంతా లేచి నిలబడింది. ఒకటే చప్పట్లు. రిఫరీ కళ్లు తుడుచుకున్నాడు. వస్తాదుకు ఏమీ అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. మ్యాట్ నడిమధ్యన తన బూట్లు.

కుస్తీ మానుకునేవాడు ఆఖరి పోటీ అయ్యాక తన బూట్లు మ్యాట్ నడుమ వదిలేసి వెళ్లిపోతాడు. ఏ దేశంలోనైనా అదే ఆనవాయితీ. అలా వదిలినవాడు మళ్లీ దిగితే పరువు తక్కువ. తన గురువు వదిలిన రోజున వస్తాదు ఇంటికొచ్చి భార్య దగ్గర చిన్నపిల్లాడిలా ఏడ్చాడు కూడా.

"అబ్బే, కాళ్లు మండి విప్పానయ్యా!" అందామని నోరు తెరిచాడు. అప్పటికే కుర్రాడు ఆయన్ని భుజాలకెత్తుకున్నాడు. ఎవరో పూలు విసిరారు. ఎవరో నోటి ముందు మైకు పెట్టి, ఇప్పుడెలా ఉందని అడిగారు.

"హాయిగా ఉంది," అన్నాడు, పాదాలు ఆడించుకుంటూ.

హాలు మళ్లీ మోగిపోయింది. చిత్రమేమిటంటే, ఆ మోతలో ఆయనకూ నిజంగానే ఏడుపొచ్చింది. ఇక చాల్లే అనిపించింది.

ఇంటికొచ్చాక భార్య ఆయన కాళ్లు వేడినీళ్లలో పెట్టించి, బొబ్బలకు మందు రాసింది.

"నీకు మాత్రం నిజం చెబుతా," అన్నాడాయన గొంతు తగ్గించి. "నేనేమీ మానేద్దామనుకోలేదు. బూట్లు కరిచాయి, విప్పాను. అంతే."

"అయ్యో! కొత్తవి కరుస్తాయి కదండీ మరి."

"పొరపాటైందని చెప్పేస్తే?"

"అంతమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టాక కాదంటే ఏం బావుంటుంది చెప్పండి?"

"అదీ నిజమేలే," అన్నాడు వస్తాదు. కాసేపటికి పట్టీ విప్పేసి, మెడ మీద చెయ్యి వేసుకుని హాయిగా నిద్రపోయాడు. ఆవిడకూ చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కూనిరాగం తీసుకుంటూ వెళ్లి దుకాణం తెరిచింది. మనిషి నడక చూసి ఆవిడ కాలి సైజు చెప్పేస్తుందని ఊరంతా చెప్పుకునే చెప్పుల దుకాణం.