రెండుసార్లు వచ్చిన పేరు

"అన్నా, నీకేమన్నా పిచ్చా? నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రామును ఇవాళ విప్పుకుని కూర్చున్నావేంటి?"

ప్రేమచంద్ గొంతు ఒమన్‌లోని ఆ మత్రా ఆఫీసులో ఏసీ మోతను మించి వినబడింది. ఏసుదానం తలెత్తలేదు. మీటల మీద బ్రాకెట్లు కొడుతూనే ఉన్నాడు. లిస్పు అనే ఆ కంప్యూటర్ భాషంటేనే బ్రాకెట్ల సంత. ఒక్కటి తప్పిందా, కథ మళ్లీ మొదటికే!

1978 వేసవి. సమాయిల్ ఊళ్లోని ఆసుపత్రికి కొత్త కాన్పుల వార్డు కట్టిస్తానని కంపెనీ మాటిచ్చింది. అక్కడ ఇంతవరకు పుట్టిన పిల్లల్ని తండ్రి పేరుతో సహా కంప్యూటర్లో ఎక్కించి, ఎంతమందో తేల్చాలి. ఆ లెక్క ఎంత పెద్దదైతే వార్డు అంత పెద్దది. పుట్టిన తేదీలు ఎక్కించేంత చోటు ఆ యంత్రంలో లేదు. పన్నెండింటికి ముదీర్ వస్తాడు. కంపెనీ మేనేజర్ను అక్కడంతా అలాగే పిలుస్తారు. ఆయనకు నచ్చితేనే ఏసుదానం అగ్రిమెంటు పొడిగిస్తారు. లేదంటే పెట్టేబేడా సర్దుకుని బాపట్ల పోవడమే.

"పాత ప్రోగ్రాము, వచ్చిన పేరే మళ్లీ వస్తే వదిలేస్తోంది ప్రేమ్," అన్నాడు ఏసుదానం. "ఇక్కడ సాలిమ్ కొడుకు అహ్మద్ అంటే వీధికొకడుంటాడు. వాళ్లంతా కలిసి ఒక్కడైపోతున్నారు."

ప్రేమచంద్ తల గోక్కున్నాడు. మాట నిజమే.

"మరెట్లా?"

"పేరు పక్కన ఓ అంకె పెడతా. కొత్త పేరైతే ఒకటి. మళ్లీ వస్తే దానికింకొకటి కలుపుద్ది. ఎవరినీ పారెయ్యదు."

"గంటలో అవుద్దా?"

"అవ్వాలి."

అయింది. కాగితం బరబరా బయటికొచ్చింది. సాలిమ్ కొడుకు అహ్మద్, నలుగురు. హమ్మయ్య అనుకుంటూ ప్రేమచంద్ కిందికి చదివాడు. ఆ వరసే మళ్లీ చదివాడు.

ఏసుదానం కొడుకు ఇమ్మానియేలు, ఇద్దరు.

సమాయిల్ మొత్తానికీ ఏసుదానం పేరున్నది ఈయన ఒక్కడికే. ఆయన భార్య దెబోరా ఆ కాన్పుల వార్డులోనే నర్సు. ప్రేమచంద్ ఒమన్ వచ్చి ఆర్నెల్లయింది. ప్రతి శుక్రవారం ప్రార్థనయ్యాక భోజనం వాళ్లింట్లోనే. నాలుగేళ్ల ఇమ్మానియేలు "మామా" అంటూ ఒళ్లోకెక్కి కూర్చుంటాడు. వాడు తప్ప ఆ ఇంట్లో ఇంకో మగపిల్లాడు లేడు.

సొంత అన్నలా అన్నం పెట్టిన మనిషి, భార్య వార్డు కోసం లెక్క పెంచుతున్నాడా! నమ్మబుద్ధి కాలేదు. కానీ కాగితం కళ్లెదుటే ఉందాయె.

"ఒకటి తీసెయ్ అన్నా."

"తియ్యను."

"దెబోరక్కే రాయించిందా?"

"రెండుసార్లూ తనే రాయించింది."

"అయ్యో, కొరివితో తల గోక్కుంటారా ఎవరన్నా? దొంగలెక్కని తేలితే నీ ఉద్యోగమూ పోద్ది, అక్క ఉద్యోగమూ పోద్ది. జరుగు, నేనే కొట్టేస్తా."

ఏసుదానం ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పాత ప్రోగ్రాము ఒకసారి కొట్టేసింది. అది చూశాక నాకు ముద్ద దిగలేదు. నన్ను ఇంటికి పంపితే పంపనీ. దాన్ని మాత్రం ముట్టుకోకు."

ఇంత మొండితనం ఆయనలో ప్రేమచంద్ ఎన్నడూ చూడలేదు. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతలో తలుపు తెరుచుకుంది.

ముదీర్ నిలబడే కాగితమంతా చదివాడు. అహ్మద్‌ల దగ్గర మెచ్చుకోలుగా తలూపాడు. కింద ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది.

"ఏసుదానం అంటే నువ్వేగా? నీకెంతమంది కొడుకులు?" అనడిగాడు, అందరికీ తెలిసిన ఉర్దూలో.

"ఇద్దరు సార్."

"ఇద్దరికీ ఒకటే పేరా? ఎక్కడన్నా ఉందా ఇది?"

అయిపోయింది అనుకుని ప్రేమచంద్ కళ్లు మూసుకున్నాడు.

"మా ఇళ్లల్లో ఉంది సార్," అన్నాడు ఏసుదానం. కాగితం మీద ఆ పేరును వేలితో తడిమాడు.

"పోయినవాడి పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టుకుంటాం."