గడప ముందు ముగ్గు

కమాండోల శిక్షణ కోసం కట్టిన ఉత్తుత్తి నగరంలో నిజంగా కాపురమున్న మనిషి వజ్రమ్మ ఒక్కతే. చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉన్నవి మాట్లాడే బొమ్మలు. రోజూ పొద్దున్నే కమాండోలు తలుపు బద్దలుకొట్టి, గదులు వెతికి, "ఎవరూ లేరు" అని కేకేసి పోతారు.

నిన్న ఒకతను ఆమె ముగ్గు తొక్కలేక గడప దగ్గర ఆగాడు. అలా ఆగినందుకు, ఆ ఉత్తుత్తి దాడిలో అతను చచ్చిపోయినట్టేనని గోడలోని స్పీకరు ప్రకటించింది. చచ్చినవాళ్లు సాధన ముగిసేదాకా అక్కడే కూర్చోవాలి. వజ్రమ్మ టీ ఇచ్చింది.

"ముగ్గు తొక్కితే మా అమ్మ ఊరుకోదు," అన్నాడతను. "ఇంకోసారి చస్తే నన్ను పంపించేస్తారమ్మా."

"అట్లయితే రేపు వెయ్యన్లే నాయనా."

ఈ పొద్దున ఆమె ముగ్గు వేయలేదు. టీ మాత్రం రెండు గ్లాసుల్లో పోసి ఉంచింది. అందరికంటే ముందు అతనే దూసుకొచ్చాడు. ఆమె కళ్లలోకి చూస్తూనే, "ఎవరూ లేరు" అని కేకేశాడు.