నా ఛాతీ తట్టరాదు

ఇందుమూలంగా బ్వేనస్ ఐరెస్‌లోని మా వీధివారందరికీ తెలియజేయడమేమనగా, ఇకపై నా ఛాతీని ఎవరూ తట్టరాదు.

గుంటపడ్డ ఛాతీని లోపలి నుంచి ఎత్తి నిలిపే ఉక్కు కడ్డీలు వంచడం నా పని. మూడేళ్ళ కిందట ఒక కడ్డీ ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్తే, దాన్ని పెట్టించుకోవాల్సిన ఎవరిస్తో అనే కుర్రాడు గేటు దగ్గరే ఎదురయ్యాడు. పది నిమిషాలు పరిగెడితే ఆయాసపడే మా పేట ఫుట్‌బాల్ ఆటగాడు. పారిపోతున్నాడు.

"బంతి తగిలితే ఆ కడ్డీ గుండెలో దిగబడదా, బాబాయ్?"

"ఓరి పిరికిసన్నాసీ! రెండేళ్ళుగా నా ఒంట్లో లేదూ? తట్టి చూడు."

తట్టాడు. ఠంగుమంది. నవ్వుకుంటూ వెనక్కి వెళ్ళి ఆపరేషన్ బల్లమీద పడుకున్నాడు.

ఇప్పుడు ఆటంతా పరిగెడుతున్నాడు. కడ్డీ తీయించుకునే వేళొచ్చింది. నిన్న మాతే టీ తాగుతూ అన్నాడు: "ఒక్కణ్ణే అంటే భయం, బాబాయ్. నీదీ అప్పుడే తీయమన్నాను. గడువు ఎప్పుడో దాటిందని డాక్టరు నిన్ను తిట్టాడు. గురువారం పరగడుపున వచ్చెయ్."

వెళ్తాను. వాడికి మత్తు పట్టేదాకా పక్క మంచం మీద పడుకుంటాను కూడా. తీయడానికి మాత్రం నా ఒంట్లో ఏ కడ్డీ లేదు. ఆవేళ ఠంగుమన్నది, వాడు పారిపోవడం చూడగానే చొక్కా కింద దూర్చిన ఎంపనాడా కజ్జికాయల రేకు డబ్బా మూత.