టీ వేళ ఆగే యంత్రాలు

కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదువుతున్న హిమజకు ఈ వేసవి పరిశోధనలో అప్పగించిన పని ఒక్కటే. గోడలు కట్టే యంత్రాలు రోజూ సాయంత్రం కాసేపు ఎందుకు ఆగిపోతున్నాయో కనిపెట్టాలి. అవి ఆగేదాకా ఆమెకు కూర్చునే వీల్లేదు. ఎండలో వాటి వెంటే తిరగాలి.

ఇవాళ కూడా యంత్రాలు తాపీలు పక్కన పెట్టి, ఇనుప వేళ్లను గ్లాసు పట్టుకున్నట్టు ముడిచి నిలబడిపోయాయి. అప్పుడు వెలిగింది హిమజకు. ఇవి పని నేర్చుకున్నది మేస్త్రీల వీడియోలు చూసి. పనితోపాటు టీ తాగడమూ నేర్చేసుకున్నాయి.

అంతలో ప్రొఫెసర్ ఫోన్ చేశాడు.

"ఏమ్మా, కారణం దొరికిందా? దొరికితే రేపటికల్లా ఆ ఆగడం మాన్పించేద్దాం."

హిమజ కాళ్లు పీకుతున్నాయి. ఓ యంత్రం నీడలో ఇటుకల మీద చతికిలబడింది.

"ఇంకా లేదు సార్," అంది. "రేపు కూడా చూడాలి."