పిడికిట్లో రిమోట్

“నొక్కానమ్మాయ్! వెలిగిందా?”

వీధి మధ్యలో వాకరు పట్టుకుని నిలబడి అత్తగారు కేకేసింది. గేటు దగ్గరున్న కోడలి చేతిలో, రిసీవరు మీది చిన్న దీపం నిక్షేపంగా వెలుగుతోంది. కోడలు దాన్ని గబుక్కున చున్నీ కింద దాచేసింది.

“లేదత్తయ్యా! ఆ మలుపు దాకా వెళ్ళి నొక్కండి!”

“దగ్గర్నుంచే అందనిది అంత దూరం నుంచి ఎలా అందుతుందే?”

“అక్కడ గోడ అడ్డమొస్తోంది!”

“నీ గోడ బంగారం గానూ!” అని సణుక్కుంటూనే ఆవిడ వాకరు ముందుకు జరిపింది.

కోడలు నవ్వాపుకుంది. అబద్ధమే, పచ్చి అబద్ధం! అయితేనేం, మంచం దిగనని మొండికేసిన మనిషి దాని పుణ్యమా అని మలుపు దాకా వెళ్తోంది కదా.

ఈ రిమోట్ కోడల్ని ఏడిపించింది ఇంతా అంతా కాదు. దుకాణాల షట్టర్లు తెరిచే రిమోట్లు చేసే కంపెనీలో ఆమె ఇంజనీరు. లోపలి సర్క్యూట్ బోర్డు అంచు చుట్టూ రాగి గీతను గాజులా తిప్పి యాంటెన్నా గీసింది. స్టాండులో బిగించి పరీక్షిస్తే భేషుగ్గా పనిచేసింది. కొన్నవాళ్ళు చేత్తో పట్టుకోగానే మూగబోయింది. అరచెయ్యి దగ్గరికొస్తే ఆ రాగి చుట్టు శ్రుతి తప్పుతుందని ఆమెకు తెలియక కాదు. పరీక్షించే తొందరలో ఒక్క మనిషి చేతికీ ఇచ్చి చూడలేదు, అదీ చేసిన పొరపాటు. సరుకంతా వెనక్కొచ్చింది, ఉద్యోగం ఊడింది. ఆ రోజు గదిలోకి వెళ్ళిన మనిషి మళ్ళీ వీధి మొహం చూడలేదు. అన్నం కూడా కంప్యూటరు ముందే. గీసిందే గీస్తూ, చెరిపిందే చెరుపుతూ కూర్చునేది.

అత్తగారు మాత్రం పల్లెత్తు మాటనలేదు. పెళ్ళయ్యాక కోడల్ని చదివించింది ఆవిడే. పరీక్షలప్పుడు మనవరాల్ని చంకనేసుకుని ఇల్లు నెట్టుకొచ్చిందీ ఆవిడే. అలాంటి మనిషి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

ఆపరేషను బాగానే జరిగింది. “కాలికేం లేదక్కా, భయం అంతే. నాలుగడుగులు వేస్తే అదే పోతుంది” అంది కసరత్తులు చేయించే ఫిజియో అమ్మాయి. కోడలు బతిమాలింది, కోప్పడింది. ఊహూఁ, ఆవిడ వినలేదు.

ఆఖరికి కొత్తగా చేసిన రిమోట్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

“అత్తయ్యా, దీన్ని పట్టుకుని నడిచే మనిషి కావాలి. నేను రిసీవరుతో గేటు దగ్గరుండాలి. పిల్ల హాస్టల్లో, మీ అబ్బాయి ఆఫీసులో. ఇంకెవరున్నారు నాకు?”

అత్తగారు ఆమె పీక్కుపోయిన మొహాన్ని కాసేపు చూసింది. “సరే, ఆ వాకరిలా తే.”

మొదటి సాయంత్రం గేటు దాటకముందే రిమోట్ మొరాయించింది. పడతానన్న భయంతో ఆవిడది ఉడుంపట్టు మరి! కోడలు రాగి చుట్టును అరచేతికి దూరంగా, బోర్డు ముందు కొసకు జరిపింది. శ్రుతి కలిపే కెపాసిటరును ఈసారి బల్ల మీద కాకుండా, రిమోట్ ఆవిడ పిడికిట్లో ఉండగానే సరిచూసి మార్చింది. రోజూ సాయంత్రం ఇద్దరూ వీధిలోనే. ఎదురింటావిడ అరుగు మీంచి సలహాలిచ్చేది. పిల్లలు “వెలిగిందా?” అని గొంతు కలిపేవాళ్ళు. ఇంట్లోకొచ్చేసరికి కోడలికి కరకర ఆకలేసేది.

కొన్నాళ్ళకు మలుపు అవతల నుంచి కూడా దీపం వెలిగింది. కోడలు ఎగిరి గంతేసేదే! కానీ పని అయిపోయిందంటే ఆవిడ మళ్ళీ మంచమెక్కుతుంది. అందుకే ఆ రోజు నుంచి దీపం దాచడం మొదలుపెట్టింది.

ఆమె పంపిన ఆ బోర్డు చూసి వేరే కంపెనీ వాళ్ళు ఉద్యోగమిచ్చారు. “రేపట్నుంచి రమ్మన్నారత్తయ్యా!” అంటే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, “నా చేతి చలవే!” అంది. అని వాకరు పక్కన పెట్టి, వంటింట్లోకి నడిచి వెళ్ళి పంచదార డబ్బా తెచ్చింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఫిజియో అమ్మాయి ఎదురైంది. కోడలు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“మీ మేలు ఈ జన్మలో మరిచిపోను. నా దొంగ పరీక్షలూ ఫలించాయి. నిన్న వాకరు లేకుండా నడిచారు, మొదటిసారి!”

“మొదటిసారా?” ఫిజియో అమ్మాయి ఫక్కున నవ్వింది. “రిమోట్ పట్టుకుని తిరిగిన వారానికే ఆవిడ వాకరు వదిలేశారక్కా. పొద్దున మీరు గదిలో ఉంటే, పెరట్లో నాతో చకచకా నడిచేవారు. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు.”

కోడలు తెల్లబోయింది. “ఎందుకూ?”

“‘కాలు బాగైందంటే మా కోడలు వీధిలోకి రావడం మానేస్తుంది’ అన్నారు.”