కుదుపు లేని బండి

"ఈ మార్కులు మా బావమరిదివేనా మేడమ్? సరిగ్గా చూశారా?"

లారీల యజమాని నమ్మలేక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పరిశోధకురాలు ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది. సరుకు రవాణాలో భద్రత మీద యూనివర్సిటీలో ఆమె చేస్తున్న పరిశోధన కోసం అతని లారీలన్నిటికీ చిన్న పెట్టెలు బిగించారు. వేగం, బ్రేకు, కుదుపు అందులో నమోదవుతాయి. ఏ దారిన వెళ్ళిందీ నమోదు కాదు. దానికి డ్రైవర్లు ఒప్పుకోలేదు.

"బ్రేకు మీద ఒక్కసారీ గట్టిగా కాలు వెయ్యలేదు. కూడళ్లలో కూడా అందరూ దారిచ్చినట్టే సాగిపోయాడు. మిగతా డ్రైవర్లకు ఇతనే శిక్షణ ఇవ్వాలి."

గుమ్మం దగ్గర బావమరిది నేలచూపులు చూశాడు. "ఏదో, మీ దయ."

పోయినేడాది అతని చేతిలో పగిలిన అద్దాలతో ఒక మేడ కట్టొచ్చు. ఈసారి మార్కులు తగ్గితే స్టీరింగు లాక్కుంటానని యజమాని తన భార్య ఎదుటే తేల్చేశాడు. ఆ రోజు నుంచి ఆవిడ మూతి ముడుచుకునే అన్నం పెడుతోంది. అద్దాల ఫ్యాక్టరీవాళ్ళూ ఈ ఫలితాలు చూశాకే వచ్చే ఏడాదికి లోడు ఇస్తామన్నారు. ఇప్పుడు ఒక్క దెబ్బకు ఇల్లూ వ్యాపారమూ గట్టెక్కాయి.

"ఒక్కటే అర్థం కాలేదు," అందామె. "వెళ్ళేటప్పుడు నత్తనడక. వచ్చేటప్పుడు హుషారు."

"అద్దాలు కదండీ! దించేశాక భయమేముంది?" అన్నాడు యజమాని.

"కొన్నాళ్ళు ఒక్క ట్రిప్పూ లేదు. ఒకరోజు మాత్రం ఏకంగా నాలుగు."

"గిరాకీ మన చేతిలో ఉంటుందా మేడమ్?"

యజమానికీ లెక్క ఎక్కడో తేడాగా తోచింది. కానీ లాభసాటి బేరంలో ప్రశ్నలు వెయ్యడం అతనికి అలవాటు లేదు.

"ఆ పెట్టె చేతిలో పెట్టి ఇతనికో ఫోటో తీస్తాను," అందామె.

బావమరిది తడబడ్డాడు. "వైరు వదులైందని మా స్నేహితుడికిచ్చా బావా. వాడూ డ్రైవరే, రిపేర్లు తెలుసు."

"అయితే పట్టుకు రమ్మను. స్పీకర్లో పెట్టు, నేనూ ఓ మాట చెప్తా."

తప్పక ఫోను కలిపాడు. "ఒరేయ్, ఆ పెట్టె వెంటనే పట్రా. బావ పక్కనే ఉన్నాడు."

అవతలి గొంతు గుసగుసలాడింది.

"ఇప్పుడెలా కుదురుతుందిరా?"

"బండి పక్కన పెట్టి రారా బాబూ!"

"శవాన్ని దించేసి వస్తా."