నెమలిరంగు గేటు

అక్క పెట్టెను కుంచెమ్మే తెచ్చి గుమ్మం బయట పెట్టింది.

"డాక్టరుకి నేనేం చెప్పలేదే," అంది అక్క.

"మరి ఆయనకి కలొచ్చిందా?"

కుంచెమ్మ దుకాణాలకు బోర్డులు రాస్తుంది. ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆమెకున్న జబ్బు మనిషిని కొన్నాళ్ళు గాల్లో తేలుస్తుంది, కొన్నాళ్ళు బావిలోకి దించుతుంది. ఈసారి బావిలో దించి, తాడు వదిలేసింది. ఏడాదిపాటు ఆమె గోడవైపు తిరిగి పడుకునే ఉండిపోయింది. కుంచెలు డబ్బాలోనే ఎండి కట్టెలైపోయాయి. అక్క తన ఇంటిని మొగుడికి అప్పజెప్పి వచ్చి, తినిపించింది, తల దువ్వింది.

డాక్టరు కొత్త మాత్ర ఒకటి కలిపాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం కుంచెమ్మ లేచి తలస్నానం చేసింది. కుంచెలు నానబెట్టి కడిగింది. సెలూన్ బోర్డు రాసింది, మందుల షాపు షట్టరు రాసింది. ఎవరూ అడక్కుండానే పక్కింటివాళ్ళ గేటుకు నెమలిరంగు వేసింది. లోకంలో అందరూ తనవాళ్ళే అనిపించింది. గుర్తొచ్చిన ప్రతివాళ్ళకూ ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. చిన్నప్పటి లెక్కల మేష్టారికి చెప్పింది. గ్యాస్ బండ తెచ్చే అతనికి చెబితే, అతను వెటకారం అనుకుని, బండ ఇవాళే వేస్తానన్నాడు.

"కాసేపు పడుకోవే," అనేది అక్క.

"ఏడాదికి సరిపడా పడుకున్నాను కదా."

అంతలో ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. వెళితే డాక్టరుకు అన్నీ తెలుసు. నిద్ర లేదని తెలుసు. గేటు సంగతి, దాని రంగుతో సహా తెలుసు.

"ఈ మాత్ర మిమ్మల్ని లేపి ఊరుకోలేదమ్మా. అవతలి అంచుకి తోసేస్తోంది. కొందరికి ఇలా అవుతుంది," అని దాన్ని ఆపేశాడు.

ఆపాక లోకం మామూలు రంగుకు వచ్చింది. నిద్ర వచ్చింది. కుంచె కాస్త బరువైంది. ఆ కొన్నాళ్ళ వెలుగును మాత్రం ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టే ఉండిపోయింది. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉన్నదే ఇద్దరు.

"మంచాన పడున్నంతకాలం ముద్దొచ్చాను. లేచి తిరిగేసరికి ఓర్వలేకపోయావు," అంది కుంచెమ్మ, పెట్టెను ఇంకాస్త అవతలికి జరుపుతూ.

అక్క పెట్టె అందుకుంది.

"రాత్రి మాత్ర నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను," అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాతిసారి ఆసుపత్రికి కుంచెమ్మ ఒక్కతే వెళ్ళింది.

"మీ అక్కగారు రాలేదా?" అన్నాడు డాక్టరు.

"చాడీలు మోసేవాళ్ళని ఇంట్లో పెట్టుకోనండి. పంపేశాను. మీకూ ఫోన్ల బాధ తప్పింది."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ నాకు ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదే," అన్నాడు. "ఆ వేళ తెల్లారకుండానే ఫోన్ చేసి, నిద్రతో పనే లేకుండా పోయిందని, పక్కింటి గేటుకి నెమలిరంగు వేశానని, మీ మాత్ర అమృతమని గంటసేపు నాకు థాంక్స్ చెప్పింది మీరే కదమ్మా."